ఫ్రీడా గారూ, కంగారు పడకండి

డిసెంబరు ఇరవై ఎనిమిదిన పొద్దున్నే పాల కోసం సూపర్‌మార్కెట్‌కు వెళ్ళాను. ఇంకా తలుపులు తీయలేదు. బయట చలిలో ముప్పై నలుగురు నిలబడి ఉన్నారు, లెక్కపెట్టాను. జర్మనీలో టపాకాయలు ఏడాది చివరి మూడు పనిదినాల్లోనే అమ్ముతారు. మధ్యలో ఆదివారం పడింది కాబట్టి ఆ రోజే మొదటిది. వచ్చినవాళ్ళలో కొందరు తోపుడు బళ్ళు పట్టుకున్నారు, కొందరు సంచులు తెచ్చుకున్నారు. సూట్‌కేసు తెచ్చినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. అప్పుడు ఆయన గుర్తొచ్చారు.

ఆయన పేరు రాయను. దానికి రెండు కారణాలు. ఒకటి: ఇక్కడ ఇంట్లో మందుగుండు సామాను ఇంతకు మించి ఉంచుకోకూడదని ఒక నియమం ఉంది. ఒక ఏడాది ఆయన నాలుగు రోజుల పాటు ఆ నియమానికి చాలా అవతల ఉన్నారు. రెండు: మేం ఎన్నడూ ఆయనను పేరుతో పిలవలేదు. అన్నగారూ అనేవాళ్ళం. మాకంటే పదిహేనేళ్ళు పెద్దవారై ఉండి కూడా ఆయన మమ్మల్ని అండీ అనేవారు.

మమ్మల్నే కాదు. రైలు తలుపు మూసుకుపోతుంటే దానితో "ఆగండాగండి" అనేవారు. ఆఫీసు గేటు కార్డు ఒప్పుకోకపోతే "ఏమైందండి, మళ్ళీ ఓసారి చూడండి" అని గేటును బతిమాలేవారు. కుక్కర్ మూడో విజిల్ వేస్తే "ఆయ్, వచ్చేత్తన్నానండి" అంటూ వంటింట్లోకి పరిగెత్తేవారు. కోనసీమ మనిషి. మర్యాద ఆయన నోట్లో ఉండేది కాదు, ఊపిరిలో ఉండేది.

నేను డార్మ్‌స్టాట్‌లో మాస్టర్స్ చదువుతున్న రోజుల్లో ముగ్గురం ఒక ఫ్లాట్ పంచుకున్నాం: నేను, వరంగల్ నుంచి వచ్చిన రమేష్, ఆయన. మేమిద్దరం విద్యార్థులం. ఆయన రోజూ రైల్లో ఎష్‌బోర్న్ వెళ్ళి అక్కడ ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవారు. బ్లూ కార్డ్, అంటే ఉద్యోగుల వీసా, ఉన్న మనిషి విద్యార్థులతో ఎందుకు ఉంటున్నారని అడిగితే, "ఒక్కణ్ణే ఉంటే కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేవాళ్ళుండరండి" అన్నారు. ఆయన పెళ్ళి సంగతి, ఆస్తుల సంగతి నాకు తెలియవు. ఆ తర్వాత ఏడాది ప్రాజెక్టు మారి డ్యూసెల్‌డార్ఫ్ వెళ్ళిపోయారు, ఫోన్ నంబరు మారింది. నాకు తెలిసిన ఆయన ఇంతే.

ఏదైనా "పనిచేస్తుంది" అని ఎవరన్నా ఆయనకు గిట్టేది కాదు. "పనిచేస్తుందంటే ఏంటండి? ఎన్నిసార్లు చేసింది?" అనేవారు. కొత్త బల్బు పెడితే మూడుసార్లు వేసి ఆర్పేవారు. కొత్త కుక్కర్ కొంటే ముందు మూడుసార్లు ఉత్త నీళ్ళు ఉడికించారు. నాలుగోసారి పప్పు వేశారు.

ఇక టపాకాయలు. ఆయన ఎడమ కనుబొమ్మ సగమే ఉండేది. మిగతా సగం చిన్నప్పుడు ఒక చిచ్చుబుడ్డి పట్టుకుపోయింది. వాళ్ళ ఇంట్లో దీపావళికి నెల ముందు నుంచే సిసింద్రీలు, తారాజువ్వలు కూరేవాళ్ళట. ఇక్కడ దీపావళికి కాల్చడానికి వీల్లేదు. అందుకని డార్మ్‌స్టాట్‌లోని తెలుగువాళ్ళందరం దీపావళి బాకీని డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి, అంటే సిల్వెస్టర్ నాడు, ఊరితో పాటు కాల్చి తీర్చుకునేవాళ్ళం. దానికి నాయకుడు ఆయనే. అమ్మకాలు మొదలయ్యే రోజు తెల్లారేసరికి ఖాళీ సూట్‌కేసుతో క్యూలో మొదటి మనిషిగా నిలబడేవారు. లైటర్ ముట్టేవారు కాదు. అగరొత్తితోనే అంటించేవారు. ఆయనను చూసి మా వీధిలో ఇద్దరు జర్మన్ ముసలివాళ్ళు కూడా అగరొత్తులకు మారారు.

"ఇక్కడి బాంబులు ఎట్లున్నయ్ అన్నా?" అని రమేష్ ఒకసారి అడిగాడు.

"శబ్దం బాగానే ఉందండి. ఓపిక లేదు. అంటించగానే పేలిపోతే ఇంక మనం చూసేదేముంటదండి?"

అలాంటి మనిషి ఒక ఏడాది నవంబరులో పిల్లిని తెచ్చారు.

తేవాలని వెళ్ళలేదు. చదువు ముగించి వెళ్ళిపోయిన విద్యార్థుల దుప్పట్లు మా దగ్గర పోగుపడితే, దిక్కులేని జంతువులను ఉంచే టీర్‌హైమ్‌లో ఇచ్చి వస్తానని వెళ్ళారు. తిరిగొచ్చి, "ఒకావిడ ఉన్నారండి. వచ్చినవాళ్ళందరికీ వీపు చూపించి గోడకేసి చూస్తున్నారు. ఎంత నిబ్బరమండీ!" అన్నారు. వారం తర్వాత ఆ ఆవిడ మా ఇంట్లో ఉంది. బూడిదరంగు, తెల్ల పాదాలు, ఒక చెవి కొస చిరిగింది. పేరు ఫ్రీడా. ఆయనకు మొదటి రోజు నుంచీ ఫ్రీడా గారు.

"అన్నా, పిల్లిని గారు అంటే నన్నేమంటవ్?" అన్నాడు రమేష్.

"మిమ్మల్నీ గారూ అంటాను గదండి."

"గదే పరేషాన్. పిల్లి, నేను ఒక్క లెవెలా?"

"అబ్బే, అలా ఎలా అవుతుందండి. ఆవిడ గిన్నె ఆవిడే శుభ్రం చేస్తారు."

ఫ్రీడాను పూర్తిగా ఇవ్వలేదు. షరతు మీద ఇచ్చారు. ఒక ఏడాది సిల్వెస్టర్ మోతకు బెదిరి ఎవరింట్లోంచో పారిపోయిన పిల్లి అది. జనవరి మొదటి వారంలో ఆగి ఉన్న కారు కింద దొరికింది. తనదని ఎవరూ రాలేదు. ఆ భయానికి రోజుల తరబడి తిండి మానేసి చావు దాకా వెళ్ళి వచ్చిందట. పిల్లులు రెండు రోజులు తినకపోతే కాలేయం దెబ్బతింటుందని టీర్‌హైమ్ ఆవిడ మాకు విడమర్చి చెప్పింది. అరవై ఏళ్ళుంటాయి ఆమెకు. కళ్ళజోడు మీదుగా చూస్తూ ఒక్కో మాటా విడివిడిగా చెప్పేది. "ఈ సిల్వెస్టర్ మీ ఇంట్లో గడవనివ్వండి. జనవరి ఒకటిన తినకపోతే నాకు ఫోన్ చేయండి. రెండో తేదీకీ తినకపోతే నేనే వచ్చి తీసుకెళ్తాను. తింటే కాగితం మీద సంతకం పెడతాను, మీదే."

ఆయన ఆ కాగితాన్ని మూడుసార్లు చదివారు. ఇంటికొచ్చాక, "నా ఉద్యోగంలో కూడా ప్రొబేషన్ ఇంత కష్టంగా లేదండి" అన్నారు. పైగా వారంలోనే ఫ్రీడాకు డాక్టరు దగ్గర టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరికింది, పెంపుడు జంతువులకిచ్చే నీలం రంగు పాస్‌పోర్టు కూడా వచ్చింది. ఆయన బ్లూ కార్డ్ రెన్యువల్‌కు మాత్రం నాలుగు నెలల నుంచి టెర్మిన్ లేదు. ఆ నీలం పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని, "అదృష్టవంతులండి" అన్నారు ఫ్రీడాతో. అసూయ లేదు.

సిల్వెస్టర్ ఏర్పాట్లు నాకు అప్పగించారు. నేను చదివేది కొలతల శాస్త్రం. నాకు పట్టిక గీయడమంటే పండగ. ఫ్రిజ్ తలుపు మీద పదకొండు అంశాల జాబితా అంటించాను. వాటిలో ముఖ్యమైనది ఐదోది: మా బాత్‌రూమ్‌కు కిటికీ లేదు, కాబట్టి ఇంట్లో అన్నిటికంటే నిశ్శబ్దమైన చోటు అదే. అట్టపెట్టె, దానిలో దుప్పటి, దాని మీద ఆయన పాత స్వెటర్, పక్కన నీళ్ళు, ఇసుక పెట్టె, వాషింగ్ మెషిన్ మీద రేడియో. తొమ్మిదోది సాధన. ఫోన్లో టపాకాయల చప్పుడు రోజూ కొంచెం కొంచెం పెంచుతూ వినిపించి అలవాటు చేయాలి. చప్పుడు స్థాయి, చెవుల కోణం, తిన్న ఆహారం గ్రాముల్లో, ఇవన్నీ పట్టికలో ఎక్కించేవాణ్ణి. గిన్నెను వంటింటి త్రాసు మీద ముందొకసారి, తర్వాత ఒకసారి తూచేవాణ్ణి.

"చెవుల కోణం ఏందిరా?" అన్నాడు రమేష్ ఫ్రిజ్ ముందు నిలబడి.

"నిటారుగా ఉంటే తొంభై డిగ్రీలు. భయపడితే వెనక్కి వాలతాయి. ముప్పై."

"పిల్లి మీద థీసిస్ రాస్తున్నవా, థీసిస్ మీద పిల్లి కూసుందా?"

మూడో స్థాయిలో ఫ్రీడా మంచం కిందకు వెళ్ళింది. నాలుగో స్థాయిలో బయటికొచ్చి ఫోన్ మీద కూర్చుంది. ఆ తర్వాత ఫోన్ ఎక్కడ పెట్టినా వచ్చి కూర్చునేది. తొమ్మిదో అంశం కొట్టేశాను. బాత్‌రూమ్‌లోని అట్టపెట్టెలోకి మాత్రం మూడు వారాల్లో ఒక్కసారైనా అడుగు పెట్టలేదు. గుమ్మంలో నిలబడి చూసి, తోక ఒకసారి ఆడించి వెళ్ళిపోయేది.

"ఆవిడకి వాస్తు నచ్చలేదేమోనండి," అన్నారు ఆయన దిగులుగా.

ఈలోగా ఫోన్లు మొదలయ్యాయి. ఈసారి సరుకు ఏంటి, ఎక్కడ కలుద్దాం అని ఊళ్ళోని తెలుగువాళ్ళు అడిగేవాళ్ళు. ఆయన అందరికీ ఒకటే చెప్పారు: "ఈసారి నేను కాల్చనండి." ఎందుకని అడిగితే పిల్లి అనేవారు. ఎవరూ నమ్మలేదు. గుండె జబ్బని ఒకరు, ఉద్యోగం పోయిందని ఒకరు అనుకున్నారు. ఒక ఆంటీ అయితే రమేష్‌కు ఫోన్ చేసి, "ఆయన మనసేం బాగాలేదా బాబూ, మీరు కనిపెట్టుకుని ఉండండి" అని ఏడుపు గొంతుతో చెప్పింది.

ఆ ఏడాదీ అమ్మకాలు ఇరవై ఎనిమిదినే మొదలయ్యాయి. ఆ రోజు నేను నిద్ర లేచేసరికి ఆయన గదిలో లేరు. సూట్‌కేసులూ లేవు. ఆయనదొకటి, నాదొకటి, రమేష్‌దొకటి. తొమ్మిదింటికి తలుపు చప్పుడైంది. ఆయన మూడు సూట్‌కేసులనూ ఒకదాని తర్వాత ఒకటి లోపలికి ఈడ్చారు. తెరిచి చూపించారు. బాంబులు, రాకెట్లు, పెట్టెలు పెట్టెలుగా పైకి ఎగిరి పేలేవి. అంచుల దాకా ఉన్నాయి.

రమేష్ నోరు తెరిచాడు. "అన్నా! మానేసిన అన్నవ్ గదా!"

"మానేశానండి. అందుకే కొన్నాను."

"అంటే?"

"కొట్లో సరుకంతా మన దగ్గరే ఉందనుకోండి. ఇంక వీధిలో ఏం పేలుతుందండి?"

ఆయన ముఖంలో గెలుపు ఉంది. తర్వాత తెలిసింది, వాళ్ళ ఊళ్ళో టపాకాయల లైసెన్సు ఒకే ఒక మనిషికి ఉండేదట, పంచాయతీ ఆఫీసు పక్కన ఒకే ఒక డేరా. ఒక ఏడాది ఆ డేరా వానకు తడిసిపోతే, ఇళ్ళలో కూరిన సిసింద్రీలు తప్ప, ఊళ్ళో ఒక్క బాంబూ పేలలేదు. ఆయన మనసులో డార్మ్‌స్టాట్‌కూ ఒకే డేరా ఉంది. నేను ఫోన్లో మ్యాపు తీసి మా ఇంటి చుట్టూ రెండు కిలోమీటర్ల వృత్తం గీశాను. టపాకాయలు అమ్మే కొట్లు అందులో ఏడు ఉన్నాయి.

"ఏడా?" అన్నారు. సూట్‌కేసు మీద కూర్చున్నారు. "ముందే అడగాల్సిందండి మిమ్మల్ని. నిన్న రాత్రి చాలా మంచి ఆలోచన లాగా ఉందండి" అన్నారు.

కొట్టువాళ్ళు వెనక్కి తీసుకోరు. టపాకాయలకు ఆ నియమం గట్టిది. రమేష్ వెంటనే, "మనోళ్ళకిచ్చేద్దాం అన్నా, పండగ చేస్కుంటరు" అన్నాడు. కానీ మనవాళ్ళు కాల్చేది మా వీధి మలుపులోనే. ఆయన ఒప్పుకోలేదు. మూడు సూట్‌కేసులూ హాల్లో గోడ వారగా ఉండిపోయాయి. ఎక్కడ పెట్టాలో, ఎవరికి చెప్పాలో నిర్ణయం కాలేదు. ఆ సాయంత్రం ఫ్రీడా వచ్చి మూడింటినీ వాసన చూసింది. పడుకోబెట్టి ఉన్న మధ్యదాన్ని ఎక్కింది. రెండు సార్లు గుండ్రంగా తిరిగి, ముడుచుకుని నిద్రపోయింది.

మూడు వారాల నా ఏర్పాటు బాత్‌రూమ్‌లో ఉంది. పిల్లి మందుగుండు మీద ఉంది.

"దింపుదామా?" అన్నాను.

"నిద్రపోతున్నవాళ్ళని లేపకూడదండి," అన్నారు ఆయన గుసగుసగా. అప్పటి నుంచి ముప్పై ఒకటి దాకా ఆ ఇంట్లో స్టవ్ వెలిగించినప్పుడల్లా రమేష్ హాల్లోకి తొంగి చూసేవాడు. మాది కరెంటు స్టవ్.

ముప్పై ఒకటి మధ్యాహ్నం రెండింటికి బెల్ మోగింది. టీర్‌హైమ్ ఆవిడ. ఫ్రీడాను శాంతపరిచే లేపనం ఏదో ట్యూబులో తెచ్చింది, ఏర్పాట్లు కూడా ఒకసారి చూసి వెళ్దామనుకుంది. బయట వీధిలో అప్పటికే అక్కడొకటి ఇక్కడొకటి పేలుతున్నాయి. ఆమె హాల్లోకి వచ్చి, సూట్‌కేసు మీద వెల్లకిలా పడి నిద్రపోతున్న ఫ్రీడాను చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఇంత నిశ్చింతగా నేను దీన్ని ఎన్నడూ చూడలేదు," అంది. "దీనికి ఈ పెట్టె అంటే ఇష్టమా? అయితే దీన్నే ఆ నిశ్శబ్దమైన గదిలోకి తీసుకెళ్ళి పెట్టండి. అందులో ఏముంది, బట్టలా?"

రమేష్ చురుగ్గా తల ఊపాడు. నేనూ ఊపాను. ఆయన ఊపలేదు.

"టపాకాయలండి," అన్నారు తెలుగులో. తర్వాత జర్మన్‌లో చెప్పారు. తర్వాత, ఇంకా అనుమానం ఉండకూడదని కాబోలు, పక్క సూట్‌కేసు జిప్పు తీసి చూపించారు.

ఆమె ఆ సూట్‌కేసులోకి వంగి చూసింది. చేతిసంచిలోంచి ఒప్పందం కాగితం తీసింది. నేను అప్పుడు ఆయన ముఖం చూశాను. పరీక్ష గదిలో పేపరు లాక్కోబోతుంటే చూస్తున్న మనిషి ముఖం అది. ఆయన జర్మన్‌లో ఎనిమిది వాక్యాలు చెప్పారు. నేను లెక్కపెట్టాను, ఎందుకంటే అన్నీ తప్పులే, అన్నీ నిజాలే. కాల్చడానికి కొనలేదు. ఎవరూ కాల్చకూడదని కొన్నాను. ఏడు కొట్లు ఉన్నాయని తెలియదు. ఇలా సాగింది.

"ఇప్పుడు వీటిని ఏం చేస్తారు?" అంది ఆమె.

ఆయన ఫ్రీడాను చూశారు, బాత్‌రూమ్ తలుపును చూశారు. "నీళ్ళలో వేసేస్తానండి."

బాత్‌రూమ్‌లోని స్నానాల తొట్టి నిండా నీళ్ళు పట్టారు. లుంగీ ఎగ్గట్టి అంచు మీద కూర్చున్నారు. నేను అందిస్తున్నాను, ఆయన ఒక్కొక్కటీ ముంచుతున్నారు. ప్రతిదాన్నీ ఒక క్షణం చేతిలో ఆడించి, వత్తి చూసి, ఏదో ఒకటి అని మరీ ముంచారు. "ఇది పోలండ్ సరుకండి, గట్టిది." "ఇది పైకెళ్ళాక రెండు రంగులు మారతదండి." "దీన్ని నేను పోయినేడు చూసి వదిలేశానండి, దొరకలేదనుకున్నాను." రమేష్ గుమ్మంలో నిలబడి వినాయక నిమజ్జనంలో లాగా తలుపు మీద మెల్లగా డప్పు దరువు వేయబోయి, ఆయన ముఖం చూసి ఆపేశాడు.

"ఒక్క రాకెట్ ఉంచన్నా. ఒక్కటే. మూలకు పెట్టుకుంట."

"ఉంటే కాలుస్తానండి," అన్నారు ఆయన. "నా సంగతి నాకు తెలుసు."

చివరి సూట్‌కేసు కోసం ఫ్రీడాను ఆయనే రెండు చేతులా ఎత్తి, "క్షమించండి, ఒక్క నిమిషం" అని సోఫా మీద పెట్టారు. గంటన్నర పట్టింది. తొట్టిలో ఎర్ర కాగితాలు, బూడిద రంగు నీళ్ళు. టీర్‌హైమ్ ఆవిడ ఆఖరి దాకా నిలబడి చూసింది. కాగితాన్ని మళ్ళీ సంచిలో పెట్టుకుంటూ, "రెండో తేదీ పదింటికి వస్తాను" అని మాత్రం చెప్పి వెళ్ళింది.

ఆమె వెళ్ళాక ఐదో అంశం గుర్తొచ్చింది. ఇంట్లో నిశ్శబ్దమైన గది ఇప్పుడు మందు వాసనతో, తడి బాంబులతో నిండి ఉంది. ఇక మిగిలింది సామాన్ల గది. చీపుర్లు, వాక్యూమ్ క్లీనర్, బియ్యం మూట ఉండే చోటు. నిలువు రెండు మీటర్లు, అడ్డం ఒకటి ముప్పావు. కిటికీ లేదు. పదకొండింటికి ఆయన ఫ్రీడాను తీసుకుని అందులోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. నేను బయట నోట్‌బుక్‌తో కూర్చున్నాను.

పన్నెండింటికి ఊరు విరుచుకుపడింది. దాని గురించి రాయడానికేమీ లేదు, అందరికీ తెలిసిన మోతే. నేను రాసుకున్నది తలుపు అవతలి మాటలు. ఆయన ఒక్కో దాన్నీ ముందుగా చెబుతున్నారు. రాకెట్ పైకి వెళ్ళే ఈల వినపడగానే, "ఇది రెండు అంకెలు పడతదండి. ఒకటి, రెండు, ఆఁ ఇప్పుడు" అనేవారు. సరిగ్గా అప్పుడే పేలేది. "ఇది పెట్టె బాంబండి, పదహారుంటాయి, చివరిది పెద్దది, కంగారు పడకండి." నలభై నిమిషాల పాటు ఆ గొంతు ఆగలేదు. తర్వాత కాస్త సందు దొరికినప్పుడు, ఇంకో రకంగా మాట్లాడటం వినబడింది.

"నేనూ కాల్చానండి. ముప్పై ఏళ్ళు కాల్చాను. ఎవరి మంచం కింద ఎవరున్నారో ఏనాడూ వంగి చూడలేదండి."

అది నోట్‌బుక్‌లో రాసుకోలేదు. దానికి పట్టికలో గడి లేదు.

పొద్దున్న తలుపు తీసేసరికి ఆయన బియ్యం మూటకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఫ్రీడా ఆయన లుంగీ మడతల్లో ఉంది. బతికే ఉంది, చెవులు నలభై డిగ్రీలు. పారిపోలేదు. కానీ తినలేదు.

జనవరి ఒకటి మొత్తం అదే. పొడి తిండి, తడి తిండి, ఉడికించిన చికెన్, డబ్బాలోని ట్యూనా. నేను అరగంటకొకసారి గిన్నె తీసి తూచి, రాసి, మళ్ళీ పెట్టేవాణ్ణి. అన్నీ సున్నాలు. రమేష్ నేల మీద బోర్లా పడుకుని ఫోన్‌తో వీడియో తీస్తూ, "తినవే తల్లీ, జర తినవే" అనేవాడు. ఆయన గిన్నెకు ఎదురుగా గొంతుక్కూర్చుని, తాను తింటున్నట్టు నోరు ఆడించి చూపించేవారు. సాయంత్రం టీర్‌హైమ్‌కు ఫోన్ చేసి చెప్పారు. ఫోన్ పెట్టేసి, "అలాగే, పదింటికే వస్తారట" అన్నారు. మేము వండింది కూడా ఆయన ముట్టలేదు.

రెండో తేదీ పొద్దున్న తొమ్మిదిన్నరకు రమేష్ నన్ను వంటింట్లోకి లాగాడు. తర్వాత ఆయననూ పిలిచాడు. "అన్నా, సగం గిన్నె చెత్తబుట్టల పారేద్దాం. తిన్నదని చెప్దాం. ఆమె సంతకం పెట్టి పోతది. రేపు ఎట్లైనా తింటది."

ఆయన ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు; గిన్నెను చూశారు, చెత్తబుట్టను చూశారు.

"తినకుండా తిన్నట్టు రాస్తే, మందు అందాల్సిన టైముకి అందదండి," అన్నారు. "ఆవిడ మన దగ్గర ఉండటం కాదండి, ఆవిడ ఉండాలి."

పదింటికి బెల్ మోగింది. టీర్‌హైమ్ ఆవిడ చేతిలో పిల్లిని తీసుకెళ్ళే బుట్ట ఉంది. ఆయన నా పట్టిక ఆమెకు అందించారు. ముప్పై సున్నాలు. అప్పటికే ఒక సంచీ సర్ది పెట్టారు: పాస్‌పోర్టు, దుప్పటి, పాత స్వెటర్. "స్వెటర్ కూడా తీసుకెళ్ళండి, వాసన అలవాటైంది" అన్నారు. అని, మళ్ళీ గిన్నె ఎదురుగా వెళ్ళి కూర్చున్నారు. అలవాటు కొద్దీ నేను త్రాసు పట్టుకుని ఒక పక్కన, రమేష్ ఫోన్ పట్టుకుని ఇంకో పక్కన కూర్చున్నాం. ఫ్రీడా సోఫా కింద నుంచి మా ముగ్గురినీ చూస్తోంది.

ఆమె పట్టిక చూసింది. వేలితో గళ్ళ మీదుగా వచ్చింది. "అరగంటకొకసారా?"

"అవును," అన్నాను కొంచెం గర్వంగా.

"ప్రతిసారీ గిన్నె తీసి తూచావా?"

"అవును."

"అప్పుడు వీళ్ళిద్దరూ ఎక్కడున్నారు?"

"ఇక్కడే. ఇలాగే."

ఆమె కళ్ళజోడు మీదుగా మమ్మల్ని ముగ్గురినీ ఒక చుట్టు చూసింది. "ఇలా చుట్టూ కూర్చుని చూస్తుంటే నేనైనా తినను," అంది. "లేవండి. బయటికి నడవండి. అందరూ."

చెప్పులు వేసుకోనివ్వలేదు. మేజోళ్ళతోనే మెట్ల దగ్గరికి వచ్చేశాం. ఆమె కూడా వచ్చి తలుపు లాగింది. మెట్ల మీద చలి కోస్తోంది. ఒక నిమిషం గడిచింది. మూడు. నాకు చేతిలో త్రాసు ఉన్న సంగతి అప్పుడు తెలిసింది. ఆమె దాన్ని తీసుకుని నేల మీద పెట్టింది. ఆయన తలుపుకు చెవి ఆనించి కళ్ళు మూసుకున్నారు. ఆయన పైన రమేష్, కింద నేను. తొమ్మిదో నిమిషంలో లోపల నేల మీద గోళ్ళ చప్పుడు వినపడింది. ఆగింది. తర్వాత ఇంకొకటి: కరకర.

"అన్నా..." అన్నాడు రమేష్. ఆయన వేలెత్తి అతని నోరు మూయించారు. కరకరమని, ఆగి, మళ్ళీ కరకరమని. టీర్‌హైమ్ ఆవిడ తనూ ఒకసారి వంగి తాళం సందులో చెవి పెట్టి విన్నది. తర్వాత కాగితం తీసి, గోడకు ఆనించి సంతకం పెట్టింది. ఆయనకు అందించబోయింది. ఆయన చూడలేదు. ఆయన చెంప తలుపుకు అతుక్కుని ఉంది, సగం కనుబొమ్మ పైకి లేచి ఉంది, కళ్ళలోంచి నీళ్ళు కారి గడ్డం మీదికి వస్తున్నాయి.

అప్పుడే పై అంతస్తులో ఉండే ముసలావిడ పండగ నాటి ఖాళీ సీసాలన్నీ ఒక పెద్ద సంచిలో వేసుకుని గణగణమంటూ దిగి వస్తోంది. మేజోళ్ళతో తమ ఇంటి తలుపుకే చెవులు ఆనించి నిలబడ్డ ముగ్గురు మగవాళ్ళను చూసి ఆగిపోయింది.

"అయ్యో, తాళంచెవి లోపలే మర్చిపోయారా?" అంది.

"లేదు లేదు," అన్నారు ఆయన, గొంతు బాగా తగ్గించి, తనకొచ్చిన జర్మన్‌లో. "లోపల మేడమ్ భోంచేస్తున్నారు. దయచేసి ఆ సీసాలు కొంచెం మెల్లగా తీసుకెళ్తారా?"

ముసలావిడ మమ్మల్ని చూసింది, తలుపును చూసింది. ఏమనుకుందో తెలియదు. సంచిని రెండు చేతులతో గుండెకు హత్తుకుని, మునివేళ్ళ మీద, ఒక్కో మెట్టూ దిగి వెళ్ళింది.